ఈ రాయి అంగారకుడిదని ఎలా చెప్పగలం?

ఈ ఎపిసోడ్‌లో మనం రాళ్ల గురించి మాట్లాడుకుందాం. ఆకాశం నుంచి పడిన రాళ్లు, వాటిలో కూడా కొన్ని మాత్రమే. అంగారకుడి మీదో చంద్రుడి మీదో పుట్టి, అక్కడి నుంచి లేచి, మన భూమి మీద వచ్చి పడ్డ రాళ్లు.

ఈ మాట చెప్పగానే ఎవరికైనా ముందు వచ్చే అనుమానం ఒకటే. "ఆ రాయి మీద అడ్రసు రాసి ఉంటుందా ఏంటి? మనిషి అంగారకుడి దగ్గరికి పోనే లేదు. ఏ రాకెట్టూ అక్కడి నుంచి ఒక్క రాయి కూడా తేలేదు. మరి ఇది అక్కడిదేనని వీళ్లకెలా తెలుసు?" అని. న్యాయమైన ప్రశ్న. నిజం చెప్పాలంటే, ఈ రాళ్లు చేతుల్లో ఉండి కూడా వందేళ్లకు పైగా శాస్త్రవేత్తలకే ఆ సంగతి తెలీదు. ఎలా తెలిసిందన్నది ఒక మంచి అపరాధ పరిశోధన కథలా ఉంటుంది. అది చెప్తాను. చివర్లో, మీకు పొలంలోనో వాగులోనో వింత రాయి దొరికితే ఏం చేయాలి, ముఖ్యంగా ఏం చేయకూడదు, అది కూడా చెప్తాను. ఎందుకంటే ఈ విషయంలో మన దగ్గర డబ్బు పోగొట్టుకుంటున్న వాళ్లు ఉన్నారు.

ముందు మామూలు ఉల్కాశిల అంటే ఏంటో చూద్దాం. ఆకాశంలో వెలుగుతూ కనిపించే గీత ఉల్క. అందులో కాలిపోకుండా నేల మీద పడిన ముక్క ఉల్కాశిల. వీటిలో చాలావరకు అంగారకుడికీ బృహస్పతికీ మధ్య తిరిగే గ్రహశకలాల నుంచి వచ్చినవే. సౌరకుటుంబం తయారైనప్పుడు మిగిలిపోయిన సరుకు అన్నమాట. ఇల్లు కట్టాక బయట ఇసుక, కంకర మిగిలిపోతాయి చూడండి, అలాంటివి. అందుకే వాటి వయసు కొలిస్తే దాదాపు అన్నిటికీ ఒకే లెక్క వస్తుంది. సుమారు 456 కోట్ల సంవత్సరాలు.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. 1865 ఆగస్టు 25. బీహార్‌లోని గయ దగ్గర షేర్‌ఘాటి అనే ఊరు. ఇంగ్లీషు వాళ్లు దాన్ని షెర్గొట్టి అని రాసుకున్నారు. అక్కడ ఆకాశం నుంచి ఒక రాయి పడింది. సుమారు 5 కిలోలు. అంతకు యాభై ఏళ్ల ముందు, 1815లో ఫ్రాన్స్‌లో షాసిన్యీ అనే ఊళ్లో ఒకటి పడింది. తర్వాత 1911 జూన్ 28న ఈజిప్టులో నఖ్లా దగ్గర దాదాపు నలభై ముక్కలు పడ్డాయి. ఈ మూడు ఊళ్ల పేర్ల మీదనే ఆ రాళ్ల జాతులకి షెర్గొట్టైట్లు, నఖ్లైట్లు, షాసిన్యైట్లు అని పేర్లు పెట్టారు. అంటే ప్రపంచంలో ఎక్కడ అంగారకుడి రాయి దొరికినా, అది మొదటి రకం అయితే దాన్ని పిలిచేది మన బీహార్ ఊరి పేరుతోనే.

ఈ మూడు రకాలూ మిగతా ఉల్కాశిలల్లా లేవు. షెర్గొట్టి రాయిని చూస్తే అది అచ్చంగా లావా గడ్డకట్టిన రాయి. మన వికారాబాద్ వైపో ఆదిలాబాద్ వైపో పోతే నల్లరాయి కనిపిస్తుంది కదా, దక్కన్ లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్ట్. అదే కుటుంబం అనుకోండి. సరే, లావా రాయి అయితే ఏమైంది? గ్రహశకలాల్లో కూడా కొన్ని మొదట్లో కరిగి లావా చిమ్మాయి. నిజమే. చిక్కు అక్కడ కాదు, వయసు దగ్గర వచ్చింది.

నఖ్లా రాయి వయసు కొలిస్తే సుమారు 130 కోట్ల సంవత్సరాలని తేలింది. షెర్గొట్టి రాళ్లలో కొన్నిటి వయసు ఇంకా తక్కువ, 20 కోట్ల ఏళ్లు కూడా లేవు. ఇప్పుడు ఆలోచించండి. పొయ్యి మీద నుంచి దించిన చిన్న గ్లాసుడు టీ ఎంతసేపట్లో చల్లారుతుంది? పెద్ద గుండిగెడు అన్నం ఎంతసేపు వేడిగా ఉంటుంది? గ్రహశకలాలు చిన్న గ్లాసులాంటివి. సౌరకుటుంబం పుట్టిన కొద్ది కాలానికే చల్లారిపోయాయి. 130 కోట్ల ఏళ్ల కింద, అంటే ఈ లెక్కలో మొన్నమొన్న, లావా పారిందంటే లోపల వేడి మిగిలిన పెద్ద గోళం కావాలి. చిన్న రాతిగుండు సరిపోదు.

పెద్ద గోళాలు మనకి ఎన్ని ఉన్నాయి? శుక్రుడి వాతావరణం చాలా దట్టం, అందులోంచి రాయి బయటపడటం చాలా కష్టం. చంద్రుడి రాళ్లు అపోలో వాళ్లు తెచ్చారు, 382 కిలోలు. వాటితో పోలిస్తే ఇవి కలవలేదు. ఇక మిగిలింది అంగారకుడు. 1970ల చివరికి కొందరు ఈ మాట మెల్లగా అనడం మొదలుపెట్టారు. కానీ గట్టిగా అనలేకపోయారు. ఎందుకంటే ఎదురు ప్రశ్న ఒకటి ఉంది. అంగారకుడి ఆకర్షణ దాటి బయటికి పోవాలంటే రాయి సెకనుకి 5 కిలోమీటర్ల వేగంతో ఎగరాలి. అంత వేగం రావాలంటే పెద్ద గ్రహశకలం వచ్చి గుద్దాలి. అంత దెబ్బ తగిలితే రాయి కరిగి ఆవిరైపోదా? ముక్క ముక్కలా ఎలా వస్తుంది? పైగా, చంద్రుడు మన పక్కింట్లోనే ఉన్నాడు, సెకనుకి 2.4 కిలోమీటర్ల వేగం చాలు. అక్కడి నుంచే ఒక్క రాయి రాలేదు, అంత దూరంలోని అంగారకుడి నుంచి వచ్చిందంటే ఎలా నమ్మాలి?

ఈ ప్రశ్నకి జవాబు అంటార్కిటికాలో దొరికింది. అక్కడ తెల్లటి మంచు మీద నల్లటి రాయి కనిపిస్తే అది పైనుంచి పడిందే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పైగా మంచు మెల్లగా కదులుతూ, తనలో కూరుకుపోయిన రాళ్లని కొండల అడ్డు ఉన్న చోటికి మోసుకొస్తుంది. అక్కడ గాలికి మంచు అరిగిపోయి రాళ్లు బయటపడతాయి. 1969లో జపాన్ వాళ్లకి యమాటో కొండల దగ్గర ఒకేచోట తొమ్మిది దొరికాయి. అప్పటి నుంచి వెతుకులాట మొదలైంది.

1982 జనవరిలో ఆలన్ హిల్స్ అనే చోట అమెరికా బృందానికి నేరేడుపండంత రాయి ఒకటి దొరికింది. బరువు 31 గ్రాములు. పేరు ఏఎల్‌హెచ్ 81005. నల్లటి పిండిలో తెల్లటి పలుకులు గుచ్చినట్టు ఉంది. స్మిత్సోనియన్ మ్యూజియంలో బ్రయాన్ మేసన్ దాని పలుచటి ముక్కని మైక్రోస్కోపు కింద చూసి, ఆ తెల్ల పలుకులు చంద్రుడి ఎత్తైన ప్రాంతాల్లో ఉండే అనార్థసైట్‌లా ఉన్నాయని గుర్తించారు. చంద్రుడి మొహం మీద మనకి తెల్లగా కనిపించే భాగం ఉంది కదా, ఆ రాయి. తర్వాత ఎన్నో ల్యాబుల్లో పరీక్షించారు. అందరూ ఒకే మాట చెప్పారు. ఇది చంద్రుడిదే. అపోలో రాళ్లు పక్కనే ఉన్నాయి కాబట్టి పోల్చి చూడటం తేలికైంది.

దాంతో పాత అభ్యంతరం సగం పోయింది. గుద్దిన దెబ్బకి అంతా ఆవిరి కాదు, ఉపరితలం దగ్గర ఉన్న ముక్కలు పెద్దగా చెడకుండానే ఎగిరిపోగలవు అని ఆ చిన్న రాయి రుజువు చేసింది.

ఇక అంగారకుడి రుజువు. షెర్గొట్టి రాయిలో ఒక విచిత్రమైన గాజు ఉందని 1872లోనే షెర్మాక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త రాశారు. దానికి మాస్కెలినైట్ అని పేరు పెట్టారు. అది కరిగి తయారైన గాజు కాదు. విపరీతమైన దెబ్బకి స్ఫటికం ఆకారం చెడకుండానే లోపల అమరిక చెదిరి గాజైపోయింది. మహారాష్ట్రలో లోనార్ సరస్సు ఉంది కదా, ఉల్క గుద్ది ఏర్పడిన గుంట. అక్కడి బసాల్ట్‌లో కూడా ఇది దొరుకుతుంది. అంటే షెర్గొట్టి రాయి పుట్టిన చోట ఏదో భయంకరంగా గుద్దింది అన్నమాట.

అంటార్కిటికాలోనే ఎలిఫెంట్ మొరైన్ అనే చోట షెర్గొట్టి జాతి రాయి ఇంకొకటి దొరికింది, ఈఈటీఏ 79001. సుమారు 8 కిలోలు. అందులో ఆ దెబ్బకి కరిగి గడ్డకట్టిన నల్ల గాజు బుడిపెలు ఉన్నాయి. నాసాలో పనిచేసే డొనాల్డ్ బొగార్డ్, ప్రాట్ జాన్సన్ ఆ గాజుని వేడి చేసి, లోపల చిక్కుకున్న గాలిని కొలిచారు. 1983లో ఫలితం ప్రచురించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 1976లో వైకింగ్ నౌకలు రెండు అంగారకుడి మీద దిగాయి. రాళ్లు తేలేదు గానీ, అక్కడి గాలి ఎలా ఉందో కొలిచి లెక్కలు పంపాయి. ఆ గాలికి ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంది. ఆర్గాన్ వాయువులో 40 రకం, 36 రకం అని ఉంటాయి. మన గాలిలో 36 రకం ఒకటి ఉంటే 40 రకం సుమారు 296 ఉంటాయి. అంగారకుడి గాలిలో వేలల్లో ఉంటాయి. జినాన్‌లో కూడా మన దగ్గర 129 రకం, 132 రకం దాదాపు సమానం. అక్కడ 129 రకం రెండున్నర రెట్లు. ఈ రాతి గాజులోని గాలిలో కూడా అదే తీరు కనిపించింది. తర్వాత నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా కొలిచారు. వైకింగ్ లెక్కలు ఒకవైపు, రాతి లెక్కలు ఒకవైపు పెట్టి గ్రాఫు గీస్తే చుక్కలన్నీ ఒకే గీత మీద పడ్డాయి.

అంటే జరిగింది ఇదీ. అంగారకుడి మీద దెబ్బ తగిలిన క్షణంలో అక్కడి గాలి ఆ కరిగిన గాజులోకి దూరి చిక్కుకుపోయింది. సీసాలో బిరడా కొట్టినట్టు. ఆ సీసా అంతరిక్షంలో తిరిగి తిరిగి వచ్చి మన మంచులో పడింది. మొదట్లో అడిగామే, అడ్రసు రాసి ఉంటుందా అని? రాసే ఉంది, గాలితో.

ఆ తర్వాత 2013లో క్యూరియాసిటీ రోవర్ ఆర్గాన్‌లో 36, 38 రకాల నిష్పత్తిని అంగారకుడి మీదే ఇంకా కచ్చితంగా కొలిచింది. అక్కడ 4.2. మన గాలిలో 5.3. ఈ రాళ్లలో దొరికిన గాలి అంగారకుడి వైపే నిలబడింది. ఆ పరిశోధనకి ముందు నిలిచింది సుశీల్ ఆత్రేయ, భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త.

సరే, ప్రతి రాయిలోనూ గాలి బుడిపెలు ఉండవు కదా, మిగతా వాటి సంగతేంటి? దానికి ఇంకో రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది ఆక్సిజన్. రాళ్లలో బరువులో దాదాపు సగం ఆక్సిజనే. అందులో 16, 17, 18 అని మూడు రకాలు. ఊరూరికీ నీళ్ల రుచి వేరుగా ఉన్నట్టు, గ్రహం గ్రహానికీ ఈ మూడిటి పాళ్లు వేరు. షికాగో యూనివర్సిటీలో రాబర్ట్ క్లేటన్, తోషికో మయేడా ఏళ్ల తరబడి కూర్చుని ఈ పాళ్లు కొలిచారు. షెర్గొట్టి, నఖ్లా, షాసిన్యీ మూడూ ఒకే ఇంటివని, ఆ ఇల్లు భూమి కాదని ఇందులోనే తేలింది. అయితే చంద్రుడికీ భూమికీ ఆక్సిజన్ రుచి దాదాపు ఒకటే. కాబట్టి ఈ పరీక్ష ఒక్కదానితో చంద్రుడి రాయిని భూమి రాయి నుంచి వేరు చేయలేం.

అందుకే రెండోది, ఇనుము, మాంగనీసు లెక్క. పైరాక్సీన్ అనే ఖనిజంలో ఒక పాలు మాంగనీసుకి ఎన్ని పాళ్లు ఇనుము ఉందో చూస్తారు. అంగారకుడి రాళ్లలో సుమారు 30, భూమి రాళ్లలో 40, చంద్రుడి రాళ్లలో 60 దాకా ఉంటుంది. గ్రహశకలం వెస్టా రాళ్లు కూడా 30 దగ్గరే వస్తాయి, అప్పుడు ఆక్సిజన్ చూసి విడదీస్తారు. అంటే ఒక్క సాక్షి మాట మీద తీర్పు ఇవ్వరు. నలుగురు సాక్షులు ఒకే మాట చెప్పాలి.

సాక్షుల్ని సరిగా విచారించకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి ఉంది. ఏఎల్‌హెచ్ 84001. 1984 డిసెంబరులో దొరికింది, రెండు కిలోల కన్నా కొంచెం తక్కువ. దాన్ని వెస్టా జాతి అనుకుని ఆ సొరుగులో పెట్టేశారు. దాదాపు తొమ్మిదేళ్లు అలాగే ఉంది. 1993లో డేవిడ్ మిటిల్‌ఫెల్ట్ వేరే పని మీద దాన్ని చూస్తూ, ఖనిజాలు తేడాగా ఉన్నాయని పట్టుకున్నారు. అది అంగారకుడిది. వయసు సుమారు 410 కోట్ల ఏళ్లు. ఆ తర్వాత 1996లో ఇందులోనే ఒకప్పటి సూక్ష్మజీవుల ఆనవాళ్లు ఉండొచ్చని డేవిడ్ మెకే బృందం ప్రకటిస్తే, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కూడా దాని మీద మాట్లాడారు. ఆ వాదనని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోరు. అయినా ఆ చర్చ వల్ల అంగారకుడి పరిశోధన ఊపందుకుంది. అదంతా సొరుగులో పడి ఉన్న రాయి.

మరి బుధుడి రాళ్లు, శుక్రుడి రాళ్లు? ఇప్పటిదాకా అందరూ ఒప్పుకున్నది ఒక్కటీ లేదు. ఎడారిలో దొరికిన ఎన్‌డబ్ల్యూఏ 7325 అనే ఆకుపచ్చ రాయి బుధుడిది కావచ్చని 2013లో అన్నారు గానీ, రుజువు కాలేదు. పోల్చి చూడటానికి అక్కడి రాయి గానీ, గాలి గానీ మన దగ్గర ఉండాలి కదా.

ఇప్పుడు మన సంగతి. 2025 జులైలో న్యూయార్క్ వేలంలో ఒక అంగారకుడి రాయి అమ్ముడైంది. 24 కిలోలకు పైన, అన్నిటికన్నా పెద్దది. నైజర్ ఎడారిలో దొరికింది. ఫీజులన్నీ కలిపి 53 లక్షల డాలర్లు. అది తమ దేశం ఎలా దాటిందో విచారిస్తామని నైజర్ ప్రభుత్వం ప్రకటించింది. ఈ వార్త మన ఫోన్లలోకి కూడా వచ్చింది. ఇలాంటి వార్తల వెనకాలే మోసగాళ్లు వస్తారు.

మన రెండు రాష్ట్రాల్లో రైస్ పుల్లింగ్ మోసం తెలియని వాళ్లు లేరు. పిడుగు పడ్డ చెంబు, బియ్యాన్ని లాగుతుంది, ఇరిడియం ఉంది, నాసా వాళ్లు కోట్లు ఇస్తారు, ముందు టెస్టింగు ఫీజు కట్టండి. ఇదీ పాట. చెంబు పోయి రాయి వచ్చింది, పాట అదే. ఆ మధ్య ఒక రైతు తమ్ముడు నాకు మెసేజ్ పెట్టాడు. "అన్నా, దున్నుతుంటే నల్లరాయి దొరికింది. బరువుగా ఉంది, అయస్కాంతం అతుక్కుంటోంది. చంద్రుడి రాయి అంటున్నారు. టెస్టింగుకి రెండు లక్షలు కట్టమంటున్నారు. బంగారం పెట్టి తెద్దామనుకుంటున్నా, కట్టనా?" అని. ఫొటోలు పంపమన్నాను. రాయి నిండా బుడగల చిల్లులు. నేను చెప్పింది ఇదే: "తమ్ముడూ, కట్టొద్దు. ఉల్కాశిలల్లో ఇలా బుడగలు ఉండటం చాలా అరుదు. చంద్రుడి రాయిలో విడి ఇనుము బాగా తక్కువ, అయస్కాంతానికి ఇంత గట్టిగా అతుక్కోదు. వాళ్లు రుజువు అని చెప్తున్నదే అది కాదనడానికి రుజువు." చూపుకి అది ఇనుప చిట్టెంలా ఉంది. పాతకాలంలో మన ఊళ్లలో ఇనుము కరిగించే కొలిమిలు ఉండేవి. కోనసముద్రం ఉక్కు పేరు వినే ఉంటారు. ఆ కొలిమిల చెత్త ఇప్పటికీ పొలాల్లో బయటపడుతుంది. ఆయన డబ్బు కట్టలేదు. బంగారం ఇంట్లోనే ఉంది.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. ఉల్కాశిల అయితే బయట అగ్గిపెట్టె గీతంత పలుచటి నల్ల పెంకు ఉంటుంది, లోపల రంగు వేరుగా ఉంటుంది. మామూలు ఉల్కాశిలల్లో ఎక్కువ వాటికి అయస్కాంతం అతుక్కుంటుంది. అంగారకుడి, చంద్రుడి రాళ్లు చాలావరకు మామూలు బసాల్ట్‌లానో, సిమెంటు పెచ్చులానో కనిపిస్తాయి. కంటితో చూసి "ఇది అంగారకుడిది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ల్యాబు లేకుండా ఆ మాట పెద్ద శాస్త్రవేత్తలు కూడా చెప్పరు. తొమ్మిదేళ్లు తప్పు సొరుగులో ఉన్న రాయి సంగతి విన్నారు కదా.

నిజంగా అనుమానం వస్తే, ముఖ్యంగా పడటం కళ్లారా చూస్తే, ఫొటో తీయండి. ఏ చోట, ఏ రోజు, ఎన్ని గంటలకి అన్నది రాసుకోండి. కడగకండి, పగలగొట్టకండి. శుభ్రమైన కవర్లో పెట్టండి. పెద్ద అయస్కాంతం అసలు ఆనించకండి. బ్లాక్ బ్యూటీ అనే పేరున్న అంగారకుడి రాయి ఉంది, అందులో కొన్ని పలుకులు 440 కోట్ల ఏళ్ల నాటివి. అంగారకుడికి ఒకప్పుడు అయస్కాంత క్షేత్రం ఎలా ఉండేదో ఆ రాయి చెప్పగలిగేది. కానీ దొరికిన వాళ్లు చేతి అయస్కాంతాలు ఆనించి చూడటంతో ఆ జ్ఞాపకం చాలావరకు చెరిగిపోయింది. తర్వాత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి, అంటే జీఎస్‌ఐకి తెలియజేయండి. మన దేశంలో ఉల్కాశిలల్ని భద్రపరిచే సంస్థ అదే. దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ విభాగంలో అడిగినా దారి చెప్తారు. ముందు లక్షలు కట్టమని అడిగేవాడు మాత్రం శాస్త్రవేత్త కాడు.

షేర్‌ఘాటిలో 1865లో ఆ రాయిని ఎవరో ఎత్తి, పారేయకుండా అప్పజెప్పారు. అది ఏమిటో తెలియడానికి 118 ఏళ్లు పట్టింది. అప్పుడు దాచారు కాబట్టి ఇప్పుడు మనకి తెలిసింది. మీకు దొరికే రాయి నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మామూలు రాయే. ఆ మిగిలిన ఒక్క పాలు కోసం జాగ్రత్తగా ఉందాం, జేబు విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉందాం.

మీ ప్రశ్నలు ఉంటే రాయండి, వీలైనన్నిటికి జవాబు చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. సెలవు.